కాకెంగిలి పొగ

మన ఇళ్లల్లో ఎంగిలికి వున్నంత పట్టింపు ఇంక దేనికీ వుండదేమో! పులుసులో వుప్పు చూడాలంటే గరిటెని నోటి దగ్గరికి పోనివ్వం. అరచేతిలో రెండు చుక్కలు వేసుకొని నాలిక్కి రాసుకుంటాం. చెంబు పైకెత్తి, పెదవికి తగలకుండా నీళ్లు గొంతులో పోసుకోవడం అయిదేళ్ల పిల్లకే నేర్పిస్తాం. పరమ లోభిని తిట్టడానిక్కూడా మనకి ఎంగిలే కావాలి. "ఎంగిలి చేత్తో కాకిని తోలడమ్మా ఆయన" అంటాం.

అయితే పట్టింపు వున్నచోట సందులూ వుంటాయి. ఒక్క పిప్పరమెంటు బిళ్ల ఇద్దరు పిల్లలకి దొరికిందనుకోండి. పరికిణీ అంచో, చొక్కా కొసో బిళ్లమీద కప్పి, పంటితో కటుక్కున కొరికి చెరిసగం చేసుకుంటారు. అదేమిటర్రా అంటే "ఎంగిలి కాదమ్మా, కాకెంగిలి!" అంటారు. మధ్యలో గుడ్డ వుంది కాబట్టి ఎంగిలి అంటదని వాళ్ల న్యాయం. ఇది పిల్లల న్యాయమే అనుకుంటాం గానీ, పెద్దవాళ్లు కూడా దీన్ని మూడు నాలుగు వందల ఏళ్లపాటు ఒక వస్తువు విషయంలో దర్జాగా నడిపించారు. ఆ వస్తువు పేరు హుక్కా.

ఒక గొట్టం, పది నోళ్లు. అది మన వైపు ఎలా వచ్చింది, దాని వెంట ఏమేం వచ్చాయి, పోయిందనుకున్నది మళ్లీ మన పిల్లల చేతుల్లోకి ఎందుకొచ్చింది - ఇవన్నీ మగవాళ్ల కబుర్లు, మనకెందుకు అనుకోకండి. పొగ ఎవరు తాగినా రాత్రిపూట దగ్గు వినేది, వేడినీళ్లు కాచేది మనమే కదా!

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి వుంది. అక్కడి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో, 1530 ప్రాంతాల్లో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. మండపం కప్పుమీద రంగుల బొమ్మల్ని చూసిన ఆడవాళ్లెవరూ దేవుడి కథతో సరిపెట్టుకోరు. ఆ చీరల అంచులు, ఆ కొప్పులు, ఆ గళ్లు, చారలు చూస్తూ మెడ నొప్పెట్టేదాకా నిలబడిపోతారు. ధర్మవరం నేతగాళ్లు ఆ అంచుల్ని పట్టుమీదకి దించి మనకి అమ్ముతున్నారు కూడా. అన్ని బొమ్మల్లోనూ హుక్కా మాత్రం ఎక్కడా కనబడదు. కనబడే వీలూ లేదు. అప్పటికి మన సీమలో పొగాకంటే ఏమిటో ఎవరికీ తెలీదు. రాయలవారు తాంబూలం సేవించి వుంటారు గానీ చుట్ట ముట్టించి వుండరు. ఆ మాటకొస్తే మిరపకాయ కూడా అప్పటికింకా మన వంటింటి కారం కాలేదు. కారమంటే మిరియాలే. మిరపకాయా, పొగాకూ రెండూ అమెరికా ఖండపు మొక్కలు. పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి మన పడమటి రేవుల్లో దిగాయి. ఒకటి వంటింట్లోకి పోయింది, రెండోది చావిట్లోకి పోయింది.

1565లో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు పడిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండని రాజధాని చేసుకున్నాడు. పాతికేళ్లకి పైగా విజయనగరపు సింహాసనం ఆ కొండ కిందే వుంది. తర్వాత వెంకటపతిరాయలు చంద్రగిరికి తరలిపోయాడు. దక్కను నేలమీద పొగాకు వేళ్లూనుకున్నది ఇంచుమించు ఆ తరంలోనే.

ఇక్కడొక తమాషా వుంది. హుక్కా అనగానే మనకి ఢిల్లీ, ఆగ్రా గుర్తుకొస్తాయి. నవాబులు, షాజాదాలు, దిండ్లు కళ్లముందు మెదుల్తాయి. నిజానికి పొగాకు ఆగ్రాకి వెళ్లింది మన దక్కను నుంచే. అసద్ బేగ్ అనే ఆయన అక్బరు పంపగా బీజాపూరు వచ్చి, అక్కడ పొగాకు చూసి ముచ్చటపడి, నగిషీలు చెక్కిన గొట్టంతో సహా పట్టుకెళ్లి పాదుషాకి నజరుగా సమర్పించాడు. 1604-05 నాటి మాట ఇది. అక్బరు సరదాగా రెండు మూడు దమ్ములు పీల్చాడు. పక్కనే వున్న హకీముగారు, మన వైద్య గ్రంథాల్లో లేని వస్తువు, మనకొద్దన్నాడు. కొత్తదైనంత మాత్రాన చెడ్డదవుతుందా అని అసద్ బేగ్ వాదించాడు. ఈ ముచ్చటంతా ఆయనే రాసి పెట్టాడు. పాదుషా మళ్లీ ముట్టలేదు గానీ కొలువులోని ఆమీర్లు వదల్లేదు. అతని కొడుకు జహంగీరు 1617లో పొగాకు వాడకూడదని ఫర్మానా వేశాడు. ఎవరు విన్నారు? ఇంట్లో అమ్మ మాటే విననివాళ్లు పాదుషా మాట వింటారా!

పొగని నీళ్లలోంచి పోనిస్తే దాని దోషం పోతుందని కనిపెట్టినవాడు అక్బరు కొలువులోని హకీం అబుల్ ఫత్ గిలానీ అని ఒక వాడుక వుంది. ఆయన చనిపోయింది 1589లో. అసద్ బేగ్ పొగాకు తెచ్చింది ఆ తర్వాత పదిహేనేళ్లకి. లెక్క ఎలా కుదురుతుందో మీరే చూడండి! లెక్క కుదరకపోయినా "నీళ్లలో కడిగిన పొగ మంచిది" అన్న మాట మాత్రం దేశమంతా పాకిపోయింది. ఈనాటికీ చదువుకున్న కుర్రాళ్లు అదే మాట చెబుతారు.

దక్కను పనివాళ్లు హుక్కాకి చేసిన సింగారం ఇంతా అంతా కాదు. బీదరులో జింకు కలిసిన లోహాన్ని నల్లగా చేసి, దానిమీద వెండి తీగెలతో పూలు పొదిగారు. బిద్రీ పని అంటే అదే. హుక్కా అడుగున నీళ్లు పోసే బుర్ర మీదే ఆ పనివాళ్లు తమ నేర్పంతా చూపించారు. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాను చూస్తే "ఇంత అందమైన దానిలోంచి ఇంత పాడు పొగా!" అనిపిస్తుంది. పదిహేడో శతాబ్దం మధ్యలో పెనుకొండ బీజాపూరువారి చేతికి పోయింది. తర్వాత మరాఠాలొచ్చారు. హిందూపురం గుత్తి మురారిరావు కట్టించిందని, తండ్రి హిందూరావు పేరు పెట్టాడని చెప్పుకుంటారు. ఆపైన మైసూరు హైదరాలీ, టిప్పూ సుల్తాను, నిజాము. 1800లో నిజాము ఈ జిల్లాల్ని కుంపిణీవాళ్లకి దత్తం చేశాడు. దర్బారులు మారాయి, తలపాగాలు మారాయి, హుక్కా మాత్రం ఒక దర్బారు నుంచి ఇంకో దర్బారుకి చక్కగా బదిలీ అయింది.

తెలుగులో దాన్ని గుడగుడ అని కూడా అన్నారు. నీళ్లు చేసే చప్పుడే దాని పేరు. అందులో వేసేది గుడాకు. గుడమంటే బెల్లం. పొగాకుని బెల్లంతో కలిపి ముద్దగా నూరితే గుడాకు. హిందూపురం సంతలో బెల్లం దిమ్మలు చూసినవాళ్లకి ఆ బెల్లంతో చలిమిడి, అరిసెలు గుర్తుకొస్తాయి గానీ పొగ గుర్తుకు రాదు. ఈనాటి హుక్కాల్లో ఆపిలు వాసన, పుదీనా వాసన అంటూ అమ్మేది కూడా ఇదే. తీపి ముద్దలో కలిపిన పొగాకు. అత్తరు మారింది, అంతే.

ఇంతకీ ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. పైన చిలుం. అందులో గుడాకు, దానిమీద నిప్పులు. చిలుం కింద నిలువు గొట్టం, అది బుర్రలోని నీళ్లలో మునిగి వుంటుంది. నీళ్ల పైభాగంలో ఇంకో గొట్టం. అది పాములా మెలికలు తిరిగి బయటికొస్తుంది. దాని కొసని నోట్లో పెట్టుకొని లోపలి గాలి పీలిస్తే, పైనున్న పొగ నీళ్లలోంచి గుడగుడమని బుడగలుగా లేచి గొంతులోకి వస్తుంది. నీళ్లు పొగని చల్లబరుస్తాయి. కడగవు. కళ్లు మండవు, గొంతు గరగరలాడదు, అంచేత చుట్ట కాల్చేవాడికన్నా లోతుగా, ఎక్కువసేపు పీల్చుకోగలుగుతారు. నిప్పుల్లోంచి వచ్చే బొగ్గుపులుసు తోబుట్టువు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా దాంతోపాటే లోపలికి పోతుంది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద ఒక సలహాపత్రం వేసింది. ఒకసారి కూచుంటే ఇరవై నిమిషాల నుంచి ఎనభై నిమిషాలదాకా సాగుతుందట. ఆ ఒక్క కూర్చోవడంలో నూరు సిగరెట్లంత పొగ లోపలికి పోయినా పోవచ్చునని అందులో రాశారు. నీళ్లలో కడిగిన పొగ సంగతి ఇదీ!

సరే, ఎంగిలి సంగతికొద్దాం.

హుక్కా ఒక్కడే తాగేది కాదు. నలుగురూ చుట్టూ చేరాలి, గొట్టం చెయ్యి మారాలి. అది మర్యాద. 1789 ప్రాంతాల్లో గ్రాండ్‌ప్రే అనే ఫ్రెంచి ఆయన కలకత్తా చూసి రాసిన యాత్రలో ఒక ముచ్చట వుంది. అక్కడి ఇంగ్లీషు దొరసానులు కూడా హుక్కా రుచి మరిగారు. ఒక దొరసాని ఒక దొరగారి హుక్కా పీల్చిందంటే ఆయనకి గొప్ప గౌరవం చేసినట్టు. అప్పుడా దొర ఏం చెయ్యాలంటే, తన నోట్లోని కొసని వూడదీసి, కొత్త కొస తొడిగి, అప్పుడు ఆమెకి అందించాలి. చూశారా! కాకెంగిలి! పిల్లల చేతిలో చొక్కా కొస, దొరల చేతిలో వెండి కొస. గొట్టమూ, నీళ్లూ, లోపలి తడీ మాత్రం అవే.

ఉత్తరాదిన ఇంకో పద్ధతి వుంది. గొట్టం కొసని పిడికిట్లో పట్టుకొని, పెదవి తగలకుండా పిడికిలిలోంచి పీలుస్తారు. మన వైపు బైరాగులు చిలుం పట్టే తీరూ అదే. చెంబు ఎత్తి నీళ్లు పోసుకోవడం లాంటిదే ఇదీ. అంతకన్నా గట్టి కట్టుబాటు కులానిది. ఏ కులం హుక్కా ఆ కులానిదే. తప్పు చేసినవాణ్ణి వెలివేస్తే అక్కడ "హుక్కా పానీ బంద్" అంటారు. అంటే వాడితో హుక్కా, నీళ్లు పంచుకోరు. మన వైపు టీ కొట్లల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం నడిచిందో, ఎంత అవమానంగా నడిచిందో మీరెరుగుదురు. దాని వెనక న్యాయమూ ఇదే. తన కులంవాడి నోరు శుభ్రం, పరాయివాడి నోరు మైల. మరి తన కులంవాడే పక్కన కూచుని ఖళ్లుమని దగ్గుతుంటే? దానికి అడ్డు లేదు. మేనమామ గదా, బావమరిది గదా!

మన భాషలో అంటు అన్న మాట చూడండి. అంటు అంటే మైల. అంటువ్యాధి అంటే ఒకరి నుంచి ఒకరికి తగిలే రోగం. రెండింటికీ ఒకటే మాట. జాగ్రత్త మంచిదే. కాని దాన్ని రోగం మీద పెట్టాల్సింది పోయి మనుషుల మీద పెట్టాం. ఎంగిలి తినగూడదని అంత పట్టుబట్టిన ఇళ్లల్లోనే, మొగుడు తిని లేచిన విస్తట్లో పెళ్లాం వడ్డించుకొని తినడం పుణ్యం అన్నారు. ఆయన ఎంగిలి ఎంగిలి కాదట! ఆయన ఆ పూట ఎవరెవరితో గొట్టం పంచుకొని వచ్చాడో ఆ ఇల్లాలికేం తెలుసు?

అసలు రోగాలెలా వస్తాయో అప్పటికి ఎవరికీ తెలీదు లెండి. దత్తమండలాలకి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800లో వచ్చిన థామస్ మన్రోని మన సీమ జనం మన్రోలప్ప అని ఇప్పటికీ తలుచుకుంటారు. మద్రాసు గవర్నరై, తిరిగి వెళ్లిపోయే ముందు తన పాత జిల్లాలు చూసుకుందామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గవర్నరుగారికే దిక్కులేకపోతే మామూలు జనం మాటేమిటి? క్షయకి కారణం ఒక సూక్ష్మజీవి అని రాబర్ట్ కోఖ్ జర్మనీలో ప్రకటించింది 1882లో. అప్పటిదాకా క్షయ వంశంలో వస్తుందన్నారు, పాపం వల్ల వస్తుందన్నారు, రాజయక్ష్మ అన్నారు.

కోఖ్ చెప్పిన తర్వాత మనుషులు ఒక నోటి నుంచి ఇంకో నోటికి ఏమేం పోతున్నాయో వెతకడం మొదలెట్టారు. నేతపని వూరు గనక ధర్మవరంవాళ్లకి ఈ ముచ్చట బాగా అర్థమవుతుంది. ఇంగ్లండులోని లాంకషైరులో, అమెరికాలోని మిల్లుల్లో నాడెలోకి దారం ఎక్కించడానికి, నాడె బెజ్జం దగ్గర నోరు పెట్టి చప్పున పీల్చేవాళ్లు. దారం బయటికొచ్చేది. అదే నాడెని తర్వాత ఇంకొకరు పీల్చేవాళ్లు. ఆ మిల్లుల్లో ఆడవాళ్లే ఎక్కువ. దానికి నాడె ముద్దు అని ముద్దుపేరు. క్షయ భయంతో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లో ఆ రకం నాడెల్ని చట్టం చేసి మాన్పించింది. లాంకషైరులో ఇంకో నలభై ఏళ్లు సాగింది. కూలికోసం నోరు పెట్టినవాళ్ల గతి అది. హుక్కాకి నోరు పెట్టేది కూలికోసం కాదుగదా!

మన పక్కనే మదనపల్లె వుంది. అక్కడ 1912లో మొదలై, 1915లో వూరి బయటికి మారిన క్షయ శానిటోరియం ఆరోగ్యవరం అనే చల్లని పేరు పెట్టుకుంది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమొట్ మోలర్ దాన్ని పెంచాడు. మందు లేని రోజులవి. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఎవరి వుమ్మి డబ్బా వాళ్లకి. అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో "ఆరోగ్యవరం తీసుకెళ్లారట" అంటే గుసగుసగా చెప్పుకునేవాళ్లు. ఆడపిల్ల అయితే మరీ. కోడలికి క్షయ అని తెలిస్తే పెట్టెతో సహా పుట్టింటికి పంపేసిన కథలు ప్రతి వూళ్లోనూ వున్నాయి. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు మొదలెట్టింది కూడా మదనపల్లెలోనే.

ఆ తర్వాత జరిగిన పనుల్లో మన సీమకి పెద్ద పాలుంది. 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ పెట్టారు. దేశమంతా ఏం చెయ్యాలో తేల్చుకునే ముందు 1960ల మొదట్లో అనంతపురం జిల్లాలోనే జిల్లా క్షయ నివారణ పథకాన్ని నడిపి చూశారు. హిందూపురం పొరుగునే వున్న తుముకూరు జిల్లాలో బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు చేసిన పరిశీలన 1963లో అచ్చయింది. పల్లెటూరి జనానికి రోగమంటే లెక్కలేదని అంతవరకూ అనుకునేవాళ్లు. తీరా చూస్తే, క్షయ వున్నవాళ్లలో సగంమంది అప్పటికే వైద్యానికి తిరిగినవాళ్లే. దగ్గుమందు సీసా ఇచ్చి పంపేశారు! తప్పు జనానిది కాదని అప్పుడు తేలింది.

అంతకన్నా ఆడవాళ్లకి వుపకారం చేసిన పని మద్రాసులో జరిగింది. 1956లో పెట్టిన క్షయ చికిత్సా కేంద్రంవాళ్లు, కొందరు రోగుల్ని శానిటోరియంలోనూ, కొందర్ని వాళ్ల ఇళ్లల్లోనే వుంచి మందులిచ్చి చూశారు. ఇంట్లో వున్నవాళ్లకీ నయమైంది. వాళ్ల ఇంట్లోవాళ్లకి అదనంగా రోగం రాలేదు. 1959లో ఆ ఫలితం వచ్చాక, పెట్టె సర్ది పంపెయ్యాల్సిన పనేమీ లేదని ప్రపంచానికి తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. క్షయ కంచంలో వుండదు, గ్లాసులో వుండదు, చీరలో వుండదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాల్లోకి వచ్చే తుంపరల్లో వుంటుంది. ఆ గాలి మూసిన గదిలో చాలాసేపు పీల్చినవాడికి తగులుతుంది. కాబట్టి క్షయ రోగికి కంచం వేరు పెట్టి దూరం కూచోబెట్టడం దండగ, క్రూరం కూడా. మరి అలాంటప్పుడు హుక్కాని ఎందుకు తప్పుపట్టాలంటారా? హుక్కా కంచం కాదు గనక! అది వూపిరి పంచుకునే సాధనం. తలుపులు మూసిన గది, దగ్గర దగ్గరగా కూచున్న మనుషులు, గుండెలనిండా లోతుగా పీల్చడం, పొగ వల్ల దగ్గు, గంటసేపు అదే గాలి. క్షయ క్రిమి కోరి కట్టించుకున్న ఇల్లులా వుంటుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో అయిదుగురు కుర్రాళ్లకి క్షయ బయటపడింది. అది చాలా తక్కువగా వుండే దేశం. ఎలా వచ్చిందని కూపీ తీస్తే, అందరూ కలిసి నీటిగొట్టంలో గంజాయి పీల్చేవాళ్లని తేలింది. ఆ గొట్టం పంచుకున్న స్నేహితులకి, పంచుకోనివాళ్లకన్నా, క్రిమి ఎక్కువగా సోకింది. 2003లో ఈ సంగతి వైద్యుల పత్రికలో వచ్చింది. అందులో వున్నది పొగాకు కాదు గానీ, గొట్టమూ నీళ్లూ ఆ బాపతే.

క్షయ ఒక్కటే కాదు. ఎంగిలితో వచ్చేవి వేరే వున్నాయి. పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్, జలుబు, ఫ్లూ. గొట్టం లోపల వెచ్చగా, తడిగా వుంటుంది. గుడ్డ చుట్టిన పొడుగాటి గొట్టాన్ని లోపల ఎవరు కడుగుతారు, ఎలా కడుగుతారు? మనం పాలగిన్నె ఒక్కపూట తోమకపోతేనే వాసన కొడుతుందే! బుర్రలో నీళ్లు మార్చడం కూడా కొట్టువాడి పుణ్యమే.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ పంచుకోవడాల సంగతి మనకి బాగా తెలిసింది. ఏప్రిల్‌లో విజయవాడలో పేకాట నుంచి, సూర్యాపేటలో అష్టాచెమ్మా నుంచి జబ్బు పాకిందని పేపర్లలో చదివాం. ముక్కలు, గవ్వలు చేతులు మారితేనే అంత జరిగితే, నోళ్లు మారేదాని మాటేమిటి? హిందూపురంలో ఆ నెలంతా వీధులకి అడ్డంగా కట్టిన వెదురు బొంగులు ఆ వూరివాళ్లు మరిచిపోలేరు. ఆ ఏడాది గల్ఫు దేశాలు, ఇరాను, పాకిస్తాను వంటి చోట్ల హుక్కా కొట్లు మూయించారు. హుక్కాని తరతరాలుగా మర్యాదగా చూసిన దేశాలవి. వాళ్లే మూశారు.

ఇహ మన పిల్లల సంగతి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే రైలుదారి మీద పూసల్లా వుంటాయి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి మూడూ ఆ జిల్లాలోకి వచ్చాయి. రైలు మాత్రం పాతదారినే బెంగుళూరు పోతుంది. హిందూపురం నుంచి నూరు కిలోమీటర్లు. పిల్లలు అక్కడ చదువులకీ, వుద్యోగాలకీ పోతారు. పుట్టినరోజు అంటూ పదిమంది చేరి హుక్కా పార్లరుకి పోవడం అక్కడ ఒక ఫ్యాషను. ఇప్పుడు మగపిల్లలే కాదు, ఆడపిల్లలూ వెళ్తున్నారు. "సిగరెట్టు కాదమ్మా, పళ్ల వాసన! నీళ్లలోంచి వస్తుంది" అంటారు. హకీముగారి పేరిట పుట్టిన పాత మాటే! కర్ణాటక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో హుక్కా అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించింది. అదే నెల తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లు వుండకూడదని బిల్లు ప్యాసు చేసింది. మంచిదే. కాని జహంగీరు ఫర్మానా ఏమైందో ఇందాకే చెప్పుకున్నాంగా! కొట్టు మూసేస్తే హుక్కా స్నేహితుడి గదిలోకి పోతుంది. ఆన్‌లైన్‌లో కొనుక్కుంటారు. చట్టం వీధిగుమ్మం దాకా వస్తుంది, గదిలోకి రావాల్సింది మన మాటే.

"మేం అందరం ఒకే కొస వాడం, ఎవరి ప్లాస్టిక్ కొస వాళ్లకి వేరే ఇస్తారు" అని ఏ పిల్లయినా అంటే, కోప్పడకుండా నవ్వుతూ ఒక్క మాట అడగండి: "కాకెంగిలా తల్లీ?" అని. కొస మారింది సరే, గొట్టం మారిందా? నీళ్లు మారాయా? గదిలో గాలి మారిందా? తిట్టి పంపితే దాచి తాగుతారు. ఎలా పనిచేస్తుందో విప్పి చెబితే చదువుకున్న పిల్లలు ఆలోచిస్తారు. మనం చీరకి జరీ అసలుదో కాదో గీకి చూసినట్టే, ఈ మాటనీ గీకి చూడమని చెప్పాలి.

ఇంకో మాట. ప్రపంచంలో క్షయ వచ్చినవాళ్లలో నలుగురిలో ఒకరు మన దేశంవాళ్లే. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గుంటే, సాయంత్రం పూట జ్వరం తగుల్తుంటే, బరువు తగ్గుతుంటే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి గళ్ల పరీక్ష చేయించాలి. పరీక్షకీ, మందులకీ డబ్బు పుచ్చుకోరు. మామూలు క్షయ అయితే ఆరు నెలలు మానకుండా మందు మింగితే పోతుంది. తిండికని 2018 నుంచి నెలకి అయిదువందలు, 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలు కూడా ఇస్తున్నారు. ఆడవాళ్లు తమ దగ్గుని ఆఖర్న పెట్టుకుంటారు. ఆయనకీ, పిల్లలకీ కషాయాలు కాచి పోసి, తమ సంగతి వచ్చేసరికి "దుమ్ము పడిందిలే" అని కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఆ దుమ్ము ఏమిటో తెలుసుకోవడానికి ఒక పూట చాలు. పేరు బయటపడుతుందన్న భయం ఆరోగ్యవరం రోజుల్లో వుందంటే అర్థముంది. మందు లేదు కాబట్టి. ఇప్పుడు మందుంది, భయమొక్కటే పాతది మిగిలింది.

మన అమ్మమ్మలు చెంబు ఎత్తి నీళ్లు తాగమన్నది వుత్త చాదస్తం కాదు. దాన్ని మనుషుల మీద పెట్టిన భాగం పారేద్దాం, రోగం మీద పెట్టాల్సిన భాగం వుంచుకుందాం. మంచం పట్టిన కోడలి కంచం వేరు చెయ్యక్కర్లేదు, ఆమె గది కిటికీ తెరిస్తే చాలు. పనిమనిషికి గ్లాసు వేరు పెట్టక్కర్లేదు, మన గ్లాసులోనే కాఫీ ఇచ్చి, కడిగి పెట్టుకుంటే చాలు. పిల్లలు పిప్పరమెంటు బిళ్లని చొక్కా కొసతో కొరుక్కుంటే చూసీ చూడనట్టు నవ్వుకుందాం. గొట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, కాకెంగిలి చెల్లదర్రా అని గట్టిగానే చెబుదాం.